గోదావరి డెల్టాలో మిఠాయి కొట్లు, కాఫీ హోటళ్ళు: మూడు పొద్దుల్లో చుట్టి రావడం ఎలా

హైదరాబాద్ స్నేహితుల్ని వెంటేసుకుని మొదటిసారి ఆత్రేయపురం వెళ్ళినప్పుడు మధ్యాహ్నం మూడయ్యింది. రాజమండ్రిలో లేటుగా లేచి, పన్నెండింటికి భారీగా భోంచేసి, తీరిగ్గా బయల్దేరాం. తీరా వెళ్తే, పూతరేకులు తీయడం చూద్దామనుకున్న వీధిలో పొయ్యిలన్నీ ఆర్పేశారు. అరుగు మీద కూర్చున్న పెద్దావిడ మమ్మల్ని చూసి నవ్వి, "ఇప్పుడొచ్చారేంటండీ, పొద్దున్నే రావాలండి" అంది. సరే, వచ్చాం కదా అని రెండు డబ్బాలు కొని డిక్కీలో పెట్టాం. దాని మీద ఎవరిదో బ్యాగు పడింది. రాత్రి కాకినాడలో మూత తీస్తే అందులో ఉన్నది నెయ్యి, పంచదార కలిసిన పొడి. స్పూన్లతో తిన్నాం.

ఆ తర్వాత చాలాసార్లు తిరిగాను, చాలామందిని తిప్పాను. ఇక్కడ తిండికి దూరం కన్నా వేళ ముఖ్యం. ఊళ్ళన్నీ దగ్గర దగ్గరే ఉంటాయి, కానీ ప్రతి ఊరి వంటకానికీ ఒక పూట ఉంటుంది. ఆ పూట దాటితే అదే కొట్లో, అదే డబ్బుకి, వేరే వస్తువు తింటారు. అందుకే ఈ ప్రయాణాన్ని రోజుల్లో కాకుండా పొద్దుల్లో లెక్కేసుకోమంటాను. మూడు పొద్దులు, రెండు రాత్రులు సరిపోతాయి. కారుంటే హాయి. బస్సుల్లోనూ తిరగొచ్చు, కాకపోతే ఒక పొద్దు అదనంగా పెట్టుకోండి.

ఎప్పుడు రావాలి

శీతాకాలం మంచిది, కానీ సంక్రాంతి వారం మాత్రం వద్దు. లాడ్జీలో గది దొరకదు, మంచి అరిసెలు ఇళ్ళల్లో ఉంటాయి తప్ప కొట్లలో ఉండవు. చుట్టాలుంటే అది వేరే సంగతి. కార్తీకమాసంలో పంచారామాల బస్సులు తిరుగుతుంటాయి. అయిదు ఆరామాల్లో నాలుగు (ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం) ఒకప్పటి రెండు గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి కాబట్టి ఆ సోమవారాల్లో కాఫీకి కూడా నిలబడాల్సి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ చంపేస్తుంది, అయినా మామిడి తాండ్ర ఇష్టమైతే అప్పుడే రావాలి. చాపల మీద రసం పొరలు పొరలుగా ఆరబెట్టడం కళ్ళారా చూడొచ్చు. వానాకాలంలో గాలిలో తేమకి పూతరేకు మెత్తబడుతుంది, కొన్నాక త్వరగా తినెయ్యాలి. గోదావరి పుష్కరాలు 2015లో జరిగాయి, మళ్ళీ 2027లో వస్తాయి. ఆ పన్నెండు రోజుల్లో తిండి కోసం మాత్రం రాకండి.

మొదటి పొద్దు: రాజమండ్రిలో కాఫీ

పేరు రాజమహేంద్రవరం అని మార్చి పదేళ్ళు దాటింది. కాఫీ తాగేవాళ్ళకి మాత్రం ఇప్పటికీ రాజమండ్రే.

అయిదున్నరకి లేవండి. టెన్షన్ పడక్కర్లేదు, ఊరు అప్పటికే లేచి ఉంటుంది. పుష్కరాల రేవు వైపు నడిస్తే 1900లో రైళ్ళు మొదలైన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన వరసగా కనిపిస్తాయి. హేవలాక్ మీద రైళ్ళు ఆపి చాలా ఏళ్ళయింది. ఒక పావుగంట నది చూసి వెనక్కి తిరగండి, కాఫీ వేళ దాటనివ్వకండి.

పాత కాఫీ హోటల్‌ని ఎలా గుర్తుపట్టాలి? బోర్డు మీద స్థాపించిన సంవత్సరం వెతక్కండి. కొత్తగా పెట్టినవాళ్ళే పెద్ద అక్షరాల్లో రాసుకుంటున్నారు. లోపలికి తొంగి చూడండి. నాపరాయో పాలరాయో పరిచిన బల్లలు, అరిగిపోయిన గడప, గల్లా పక్కన దేవుడి పటానికి అప్పుడే వేసిన దండ, చెయ్యి కడుక్కునే చోట నిలబడి పేపర్ చదివే పెద్దమనిషి కనిపిస్తే చాలు. అన్నిటికన్నా పెద్ద గుర్తు, సప్లయర్ ఏమీ అడక్కుండానే కొందరి ముందు గ్లాసు పెట్టి వెళ్ళిపోవడం. రోజూ అదే వేళకి అదే బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళున్న హోటల్లో డికాక్షన్ పాడు చేస్తే మర్నాడు గొడవైపోతుంది.

కూర్చున్నాక ముందు అడగాల్సింది ఒక్కటే, "డికాక్షన్ కాఫీయేనాండీ?" అని. "ఆయ్, ఫిల్టర్ కాఫీయేనండి" అంటే ధైర్యంగా చెప్పెయ్యండి. కాస్త తటపటాయిస్తే పొడి కలిపి ఇచ్చే కాఫీ అని అర్థం, అప్పుడు టీ తాగండి.

చెప్పే తీరులో కూడా పని ఉంది. ఇక్కడ గేదెపాలు చిక్కగా ఉంటాయి, డికాక్షన్ తక్కువైతే పాల రుచే మిగుల్తుంది. అందుకని "స్ట్రాంగ్, పంచదార తక్కువ" అని ముందే చెప్పాలి. చెప్పకపోతే పంచదార మాత్రం గోదావరి లెక్కలోనే పడుతుంది. కాగితం కప్పు వద్దు, స్టీలు గ్లాసులో ఇమ్మనండి. ఇద్దరుంటే ఒన్ బై టూ అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. రెండు మూడు చోట్ల రుచి చూడాలనుకునేవాళ్ళకి అదే మంచి దారి కూడా.

కాఫీ ఆరు, ఎనిమిది గంటల మధ్యే తాగాలి. ఎందుకంటే, అప్పుడు దిగేది మొదటి డికాక్షన్. నాకు తెలిసిన ఒక కాఫీ మాస్టర్ పనితనం చూడ్డానికే నేను గల్లా దగ్గర బల్ల ఎంచుకుంటాను. ఇత్తడి ఫిల్టర్‌లో పొడి వేసి చేత్తో అదమడు, గరిటె వెనక వైపుతో ఒక్కసారి తడతాడు, అంతే. గట్టిగా అదిమితే నీళ్ళు దిగవు, వదులుగా ఉంటే గబగబా జారిపోయి రంగే మిగుల్తుంది. మరిగిన నీళ్ళు మధ్యలో పొయ్యడు, అంచు చుట్టూ తిప్పుతూ పోస్తాడు. గ్లాసులో ముందు పంచదార, దాని మీద డికాక్షన్, ఆ తర్వాత పొంగు మీదున్న పాలు. చివర్లో మూరెడు ఎత్తు నుంచి రెండుసార్లు తిరగపోస్తాడు. పదింటికి వెళ్తే మనిషి ఆయనే, గిన్నె అదే. కానీ పాలు అప్పటికి నాలుగైదుసార్లు మరిగి మాడు వాసన పట్టి ఉంటాయి, డికాక్షన్ రెండోసారి దిగింది అయ్యుంటుంది.

కాఫీ పొడిలో కలిపే చికోరీ గురించి కొందరు ముఖం చిట్లిస్తారు. చికోరీ లేకుండా గేదెపాలతో కాఫీ కలిపి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం. అసలు కాఫీ గింజ రుచే కావాలంటే అరకు కాఫీ ఉంది, 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అది వేరే ప్రయాణం, కొండలెక్కాలి.

కాఫీ అయ్యాక ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి. ఒకటి చాలు. మధ్యాహ్నం మళ్ళీ రాజమండ్రిలో ఉండే పనైతే మెయిన్ రోడ్డు వైపు రోజ్ మిల్క్ తాగండి. ఈ ప్లాన్‌లో మాత్రం తొమ్మిదిలోపు ఊరు దాటెయ్యాలి.

ఆత్రేయపురం, పదింటిలోపు

ధవళేశ్వరం బ్యారేజీ మీంచి బొబ్బర్లంక వైపు దిగి, కాలవ గట్టు వెంట వెళ్ళండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేయించాడు. ఇప్పుడున్న బ్యారేజీ ఆ తర్వాత వచ్చింది. మిఠాయిల వ్యాసంలో ఆనకట్ట ఎందుకంటారా? కాలవ నీళ్ళు పారితేనే వరి, చెరకు. గడ్డి ఉంటేనే గేదెలు, గేదెలుంటేనే నెయ్యి. బియ్యం, బెల్లం, నెయ్యి ఒకేచోట పుష్కలంగా ఉన్న ఊళ్ళో పూతరేకు పుట్టడంలో వింతేముంది? ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వస్తే, దాన్ని తెచ్చుకున్న తయారీదారుల సంఘం పేరులో కూడా సర్ ఆర్థర్ కాటన్ ఉన్నాడు.

రోడ్డు మీద షాపులు బోలెడుంటాయి. కారు అక్కడ ఆపి, ముందు ఏదో ఒకటి కొని, "రేకులు తీసే చోటు చూడొచ్చాండీ?" అని అడగండి. కొన్నాక అడిగితే ఎవరో ఒక పిల్లాణ్ణి తోడిచ్చి పంపుతారు. రేకులు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళు, చాలావరకు ఇళ్ళ దగ్గరే. ఫోటో తీసేముందు తప్పకుండా అడగండి. ఆవిడ పని ఆపి మీతో మాట్లాడితే ఆ కాసేపూ కుండ మాడుతుంటుందని గుర్తుంచుకోండి.

చూడాల్సింది ఇది. నున్నటి అడుగున్న కుండని బోర్లించి పొయ్యి మీద పెడతారు, కింద ఎండు కొబ్బరాకుల మంట. పక్కన పళ్ళెంలో జయ బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి ఉంటుంది. పిండి అనడమే ఎక్కువ, పాల మీద నీళ్ళు పోసినట్టు పల్చగా ఉంటుంది. పల్చటి గుడ్డని అందులో ముంచి, రెండు చేతులతో కొసలు పట్టుకుని, కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. గుడ్డ వెళ్ళిపోతుంది, కుండ మీద పొర మిగుల్తుంది. మీరు రెప్ప వేసి తెరిచేలోపు ఆ పొర అంచులు లేస్తాయి. చేత్తో పట్టి తీస్తే రేకు. వెలుతురుకి పెడితే అవతల మనిషి కనిపిస్తాడు. మంట పెరిగితే రేకు చిట్లుతుంది, తగ్గితే అంటుకుంటుంది. ఆవిడ ఒక చేత్తో గుడ్డ ముంచుతూనే రెండో చేత్తో కొబ్బరాకుని లోపలికి తోస్తుంటుంది. ఎండ ముదిరాక ఆ సెగ దగ్గర కూర్చోవడం ఎంత కష్టమో అక్కడ అయిదు నిమిషాలు నిలబడితే మీకే తెలుస్తుంది. పొద్దున్నే రమ్మని పెద్దావిడ ఎందుకందో కూడా.

చుట్టడం ఇంకో పని. తడిగుడ్డ మీద రేకుని పరిస్తే అది కాస్త మెత్తబడి మడతకి లొంగుతుంది. నెయ్యి, పంచదార పొడో బెల్లం పొడో, జీడిపప్పు పలుకులు వేసి మడుస్తారు. అక్కడికక్కడ తినడానికి బెల్లంది అడగండి. ఊరికి తీసుకెళ్ళడానికి పంచదారది, ఎందుకంటే బెల్లం తేమని త్వరగా పీలుస్తుంది. చాక్లెట్, హార్లిక్స్ రుచుల్లో కూడా అమ్ముతున్నారు. పిల్లలు అడిగితే కొనండి, నేనైతే కొనను.

ఇక్కడ డబ్బాలు కొనకండి, ఇంకా రెండు రోజుల ప్రయాణం ఉంది. తినాల్సినవి తినండి, ఖాళీ రేకులు ఒక కట్ట తీసుకోండి. వాటి సంగతి చివర్లో చెప్తాను.

తాపేశ్వరం

రావులపాలెం వచ్చి, జొన్నాడ దగ్గర గోదావరి గౌతమి పాయ దాటి, ఆలమూరు మీదుగా మండపేట, అక్కణ్ణుంచి తాపేశ్వరం. రైల్లో వచ్చేవాళ్ళకి ద్వారపూడి స్టేషన్ దగ్గర. మధ్యాహ్నం భోజనం దారిలో చేసెయ్యండి, తేలిగ్గా.

తాపేశ్వరం కాజా అంటే మడత కాజా. మైదా పిండిని పల్చగా సాగదీసి, పొరలు పొరలుగా చుట్టి, ముక్కలు కోసి, వేయించి పాకంలో వేస్తారు. దీన్ని పేరుకెక్కించింది పోలిశెట్టి సత్తిరాజుగారు, ఆ కుటుంబం పేరుమీదే ఊరు తెలిసింది. ఇప్పుడు ఊరంతా కాజా కొట్లే. అసలుది ఏదని అడిగితే ప్రతివాళ్ళూ మాదే అంటారు. ఆ తగువులోకి దిగకండి. ఏ కొట్టు వెనక బాణలి పొయ్యి మీద ఉందో చూసి అక్కడ కొనండి, వేడి కాజా ముందు చరిత్ర ఎవరిక్కావాలి. ఒక్కటి చేతికిమ్మనండి. పైపొర కరకరలాడి, లోపలి మడతల్లో పాకం తడి తగలాలి. పొరలు విడకుండా ముద్దలా ఉంటే చల్లారి చాలాసేపయ్యిందని.

లడ్డూల్లో కూడా ఈ ఊరు పెద్దదే. 2016 సెప్టెంబర్ 6న ఇక్కడ కట్టిన 29,465 కిలోల లడ్డూ గిన్నిస్‌కెక్కింది. మీరు పావుకిలోతో ఆపండి. ఇంకా కాకినాడ ఉంది.

కాకినాడ, సాయంత్రం

రామచంద్రపురం మీదుగా కాకినాడ చేరేసరికి నాలుగైదవుతుంది. సరిగ్గా ఆ వేళకే చేరాలి. ఇక్కడిది గొట్టం కాజా. 19వ శతాబ్దం చివర్లో కోటయ్యగారు మొదలుపెట్టారు, అందుకే కోటయ్య కాజా. ఆ పేరుతో బోర్డులు ఒకటికి నాలుగు కనిపిస్తాయి. ఇక్కడా పాత మాటే, సాయంత్రం జనం ఎక్కడ నిలబడి ఉన్నారో అక్కడ కొనండి.

మడత కాజాకీ దీనికీ తేడా కొరికితే గానీ తెలీదు. ఇది గుల్లగా ఉండే గొట్టం, లోపల పాకం నిండి ఉంటుంది. తెలీనివాళ్ళు మధ్యలో కొరుకుతారు, పాకం చొక్కా మీదకి చిమ్ముతుంది. ముందుకి వంగి నిలబడండి. కాజాని నిలువుగా పట్టుకుని పై కొస కాస్త కొరకండి, పాకం జుర్రుకోండి, ఆ తర్వాత మిగతాది. మా మావయ్య తెల్ల పంచెలో వెళ్ళి, కొట్టు ముందు నిలబడి మూడు తిని, మచ్చ పడకుండా తిరిగొచ్చేవాడు. నాకు ఇప్పటికీ రెండో కాజా దగ్గర ప్రమాదమే.

తిన్న వెంటనే కాఫీ తాగకండి. నోరంతా పాకం ఉన్నప్పుడు ఎంత మంచి కాఫీ అయినా చప్పటి నీళ్ళే. మధ్యలో కారం పడాలి. వందగ్రాముల మిక్చరో, వేడి పకోడీయో తిని, పది నిమిషాలు ఆగి, పంచదార లేకుండా కాఫీ చెప్పండి. తీపి, కారం, కాఫీ, ఈ వరస తప్పకూడదు. మిఠాయి కొట్టు పక్కనే పకోడీ బండి ఊరికే పెట్టరు.

బేకరీల గురించి కూడా రెండు మాటలు. డెల్టా ఊళ్ళలో బేకరీ అంటే ఎగ్ పఫ్, దిల్‌పసంద్, బ్రెడ్డు, పుట్టినరోజు కేకు. సాయంత్రం ట్రేలు వచ్చే వేళకి పఫ్ బాగుంటుంది, మిగతా వేళల్లో అద్దాల పెట్టెలో బల్బు వెలుగుకి ఎండిపోతుంటుంది. ఈ రాత్రి యానాం మీదుగా వెళ్తాం, అక్కడ ఫ్రెంచి పాస్ట్రీలు దొరుకుతాయని ఆశపడకండి. 1954 దాకా ఫ్రెంచివాళ్ళు ఏలిన మాట నిజమే, ఊరు ఇప్పటికీ పుదుచ్చేరిలో భాగమే, వాళ్ళ చర్చి కూడా ఉంది. కానీ కాఫీ మాత్రం మన కాఫీయే, బజ్జీలు మన బజ్జీలే.

రాత్రి ఎక్కడ పడుకోవాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. కాకినాడలో మంచి హోటళ్ళున్నాయని అక్కడే ఆగిపోతారు. మర్నాడు పొద్దున్నే మీరు అంబాజీపేటలో ఉండాలి. అందుకని రాత్రికే యానాం దగ్గరి ఎదుర్లంక వంతెన దాటి అమలాపురం చేరిపోండి. కాకినాడ నుంచి అరవై అయిదు కిలోమీటర్ల లెక్క.

రెండో పొద్దు: కోనసీమ

అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి పేరు. మనం వెళ్ళేది పొట్టిక్కల కోసం. పనసాకుల్ని కొబ్బరి ఈనెలతో గుచ్చి చిన్న బుట్టలా కుడతారు, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. బుట్ట విప్పుతుంటే పనసాకు వాసన ముందు వస్తుంది, పిండికి కూడా ఆ వాసన పట్టి ఉంటుంది. ఏడింటికల్లా వెళ్ళండి, తొమ్మిది దాటితే ఇడ్లీయే ఉందంటారు. పొట్టిక్కల తర్వాత కాఫీ ఇక్కడే తాగెయ్యండి.

మిగతా రోజంతా తొందరేం లేదు. కొబ్బరి తోటల మధ్య తిరగండి, రాజోలు వైపు మోరి జీడిపప్పు కొనుక్కోండి, జీడిపప్పు పాకం దొరికితే ఒక అచ్చు రుచి చూడండి. కడుపుకి విశ్రాంతి ఇవ్వాల్సిన రోజు ఇది. సాయంత్రం దిండి దగ్గర చించినాడ వంతెన మీద వశిష్ఠ పాయ దాటితే పశ్చిమగోదావరి. రాత్రి పాలకొల్లులో పడుకోండి.

మూడో పొద్దు: పాలకొల్లు

ఇక్కడ దిబ్బరొట్టె. మినప్పిండిలో ఇడ్లీ రవ్వ కలిపి, మందపాటి మూకుట్లో పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి నిదానంగా కాలుస్తారు. పైన ఎర్రగా పెంకు కట్టి, లోపల దూదిలా ఉంటుంది. చెప్పాక ఇరవై నిమిషాలైనా పడుతుంది, ఆకలితో గొడవ పెట్టుకోకండి. ముందే కాల్చిపెట్టిన ముక్క ఇస్తానంటే వద్దని వేడిదాని కోసం ఆగండి. పచ్చడితో సగం, చెరకు పానకం ఉంటే దాంతో మిగతా సగం తినండి. క్షీరారామలింగేశ్వరుడి గుడి దగ్గరే, ముందో తర్వాతో దర్శనం చేసుకోవచ్చు. పాలకొల్లులోనే రైలెక్కొచ్చు. లేదా పది కిలోమీటర్లు వెళ్ళి నరసాపురంలో ఎక్కితే సీటు గ్యారంటీ, రైళ్ళు అక్కణ్ణుంచే బయల్దేరతాయి.

ఇంటికి తెచ్చుకునేవి

కాజాలు ఎక్కడ కొన్నా ఆ రోజు చేసినవేనా అని అడిగి కొనండి. ఎక్కువ రోజులు ఉంచుకోవాలంటే మడత కాజా నయం, గొట్టం కాజా ముందు తినెయ్యాలి. ఫ్రిజ్‌లో పెట్టకండి, నెయ్యి పేరుకుని పాకం బిరుసెక్కుతుంది. చుట్టిన పూతరేకులు కొని ఉంటే డబ్బా మీద ఇంకేదీ పెట్టకండి, రైల్లో ఒళ్ళో పెట్టుకున్నా తప్పులేదు.

ఖాళీ రేకుల కట్ట తెచ్చుకున్నారు కదా. అవి గాలి తగలని డబ్బాలో ఉంటే చాలా రోజులు నిలుస్తాయి. తినాలనిపించిన పూట గుడ్డ తడిపి, నీళ్ళు లేకుండా గట్టిగా పిండి, బల్ల మీద పరవండి. రెండు రేకులు దాని మీద వేసి, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగండి. అంచు వంచితే విరక్కుండా వంగాలి. కరిగిన నెయ్యి వేలితో రాసి, పంచదార పొడి పల్చగా చల్లి, మీద ఇంకో రేకు వేసి, మళ్ళీ నెయ్యి, మళ్ళీ పంచదార. అటూ ఇటూ లోపలికి మడిచి చాపలా చుట్టండి. మొదటిది చిరుగుతుంది, దాన్ని వండినవాళ్ళే తినెయ్యాలి.